పెద్దల మందుల ఖర్చు: బీమా ఎంతవరకు ఆదుకుంటుంది?



ఉపకారవేతనాల దరఖాస్తుల్లో "కుటుంబ ఖర్చులు" అనే గడిని నేను తప్పక చదువుతాను. ఇంటి అద్దె, ఫీజుల పక్కనే "నాన్నమ్మ మందులు", "తాతగారి బి.పి., షుగర్ మాత్రలు" అని కనిపిస్తుంటాయి. వివరం అడిగితే "కార్డు ఉందండీ, అయినా మందులు మేమే కొంటున్నాం" అంటారు. ఎందుకలా అన్నదే ఈ పాఠం.

1. బీమా దేనికి చెల్లిస్తుంది?

అమెరికాలో 65 ఏళ్ళు దాటినవారు రోజువారీ మందుల కోసం మెడికేర్‌లోని "పార్ట్ డి" బీమా తీసుకోవచ్చు. అది 2006లో మొదలైంది. మన దేశంలో అందరికీ వర్తించే అలాంటి బీమా లేదు. ఇక్కడి ఆరోగ్య బీమా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే.

ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 70 ఏళ్ళు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 2024 అక్టోబరు 29న విస్తరించారు. పరిమితి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు. ఆసుపత్రిలో వాడే మందులతో పాటు చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల ఖర్చు ఇందులో కలిసి ఉంటుంది. అమలు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక 14555 నంబరుకు ఫోన్ చేసి అడగండి.

ప్రైవేటు పాలసీల్లో ఈ గడువు సాధారణంగా ముందు 30, తర్వాత 60 రోజులు. అదీ ఏ జబ్బుతో చేరారో ఆ జబ్బు మందులకే.

2. ఒక లెక్క

72 ఏళ్ళ తాతగారికి బి.పి., షుగర్ మాత్రలకు నెలకు 1,500 రూపాయలు అవుతోందనుకుందాం. ఏడాదికి 18,000. మధ్యలో న్యుమోనియా వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ బిల్లు కార్డు మీద పోతుంది. కానీ 18,000లో దాదాపు మొత్తం ఇంటిల్లిపాదీ భరించవలసిందే.

ఇక్కడే ప్రమాదం ఉంది. మనవడి ఫీజు గడువు దగ్గరపడితే పెద్దలు ఎవరికీ చెప్పకుండా మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటారు. బి.పి. మందు అలా మానితే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది.

3. నెలవారీ మందులకు దారులు

(అ) జన ఔషధి కేంద్రాలు: 2008లో మొదలయ్యాయి. ఇక్కడి జనరిక్ మందులు బ్రాండు మందుల కంటే సాధారణంగా సగం ధరకో, అంతకన్నా తక్కువకో దొరుకుతాయి. చీటీ మీద మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయమని డాక్టరుగారిని అడగండి. ఉదాహరణకు మెట్‌ఫార్మిన్ 500. ఆయనకు చెప్పకుండా మందు మార్చవద్దు.

(ఆ) ప్రభుత్వ ఆసుపత్రులు: ఒడిశాలో ఉచిత మందుల "నిరామయ" పథకం 2015లో వచ్చింది. తమిళనాడులో బి.పి., షుగర్ మందులను ఇంటికే తెచ్చి ఇచ్చే పథకం 2021లో కృష్ణగిరి జిల్లాలో ప్రారంభమైంది. కర్ణాటక, మహారాష్ట్ర, యానాం వారు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి బి.పి., షుగర్ విభాగంలో విచారించండి.

(ఇ) ఇ.ఎస్.ఐ.: కనీసం అయిదేళ్ళు ఇ.ఎస్.ఐ. కింద పనిచేసి వయసు రీత్యా రిటైరైనవారు స్వల్ప వార్షిక రుసుముతో తమకు, జీవిత భాగస్వామికి వైద్యం కొనసాగించుకోవచ్చు. డిస్పెన్సరీ మందులూ అందులో భాగమే. షోలాపూర్ వంటి ఊళ్ళలో మిల్లు పని చేసిన పెద్దలున్న ఇళ్ళు పాత ఇ.ఎస్.ఐ. కార్డు వెతకండి.

అభ్యాసం

విద్యార్థులారా, ఈ ఆదివారం ఇంట్లో పెద్దల పక్కన కూర్చుని ఒక పట్టిక వేయండి: మందు అసలు పేరు, మోతాదు, నెలకు ఎన్ని మాత్రలు, ఇప్పటి ధర, జన ఔషధి ధర. చివరి గడిలో "రోజూ వేసుకుంటున్నారా?" అని రాసి, జవాబు వారినే అడిగి నింపండి.