కుక్కపిల్ల తిండి ప్యాకెట్: వెనకవైపు చదవండి

ప్రశ్న: మా లాబ్రడార్ పిల్లకు మూడు నెలలు. డ్రై ఫుడ్‌లో ఏది మంచిదో ప్యాకెట్ చూసి ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందువైపు బొమ్మలు వదిలేసి, వెనక్కి తిప్పండమ్మా. పదార్థాలను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదట్లోనే చికెన్, చేప అంటూ పేరున్న మాంసం కనపడాలి. ఉత్త ‘మాంసం ఉత్పత్తులు’ అంటే ఏ జంతువుదో తెలియదు. ఇక్కడో చిక్కుంది. పచ్చి చికెన్‌లో దాదాపు 70 శాతం నీళ్లే, తయారీలో చాలావరకు ఆవిరైపోతాయి. కాబట్టి ఎండబెట్టి పొడిచేసిన ‘చికెన్ మీల్’ను చిన్నచూపు చూడొద్దు. మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, తవుడు అని ధాన్యాలను విడివిడిగా రాస్తే, అన్నీ కలిపి చూడండి. మాంసాన్ని మించిపోవచ్చు. ధాన్యం చెడ్డదేమీ కాదు. ‘గ్రెయిన్ ఫ్రీ’ అని అదనంగా డబ్బు పోయడం నాకైతే నచ్చదు.

ప్రొటీన్ 24 శాతం, కొవ్వు 10 శాతం దాటితే నయం. మీది పెద్ద జాతి. ‘లార్జ్ బ్రీడ్ పప్పీ’ రకమే కొనండి, పైన కాల్షియం సిరప్ పోయకండి. ఎక్కువైతే ఎముకలు వంకర్లు పోతాయి.

కొత్త తిండిని వారంపాటు పాతదానిలో కలుపుతూ పెంచండి. వాంతులు ఆగకపోయినా, విరేచనంలో రక్తం పడినా, తిండి ముట్టకపోయినా అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.