రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం



హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజా దాటి ఛత్రినాక వైపు నడిస్తే ఇళ్ళ నడుమనే చిన్న చిన్న ప్రైవేటు బడులు కనిపిస్తాయి. పెద్ద ఆటస్థలాలు వుండవు, పెద్ద పెట్టుబడులూ వుండవు. నెల మొదట్లో పిల్లలు తెచ్చే ఫీజులతోనే భవనం అద్దె, కరెంటు బిల్లు, టీచర్ల జీతాలు, ఆయమ్మ జీతం అన్నీ గడవాలి. ఫీజు ఆగితే జీతం ఆగుతుంది. ఇలాంటి బడులకు కరోనా కాలంలో ఏమి జరిగింది? ప్రభుత్వం ఎలా ఆదుకున్నది? అందులో మన కుటుంబాలకు పాఠం ఏమిటి? ఈ వారం ఆ సంగతి ఆలోచిద్దాం.

1. ఏమి జరిగింది?

2020 మార్చి నెల మధ్యలో తెలంగాణలో బడులన్నీ మూతపడ్డాయి. ఏప్రిల్ 21న విద్యాశాఖ 46వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. 2020–21 విద్యా సంవత్సరానికి ప్రైవేటు బడులు ఫీజులు పెంచరాదనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలనీ, అది కూడా నెలనెలా తీసుకోవాలనీ దాని సారాంశం. పని పోయిన తల్లిదండ్రులకు ఇది మేలు చేసిన ఉత్తర్వే. అయితే చాలామంది ఆ నెల ఫీజు కూడా కట్టలేకపోయారు. ఆ లోటు చివరకు టీచర్ల జీతాల మీద పడింది.

సెప్టెంబరు 1 నుంచి టీవీ ద్వారా, ఫోన్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచారు. పరిస్థితి కుదుటపడుతున్నదనుకొనేలోపే మార్చి 24 నుంచి మళ్ళీ మూశారు. ఈ రెండవ దెబ్బను చిన్న బడులు తట్టుకోలేకపోయాయి.

2. సహాయం ఎవరికి అందింది?

2021 ఏప్రిల్ 8న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖర రావు గారు ఒక సహాయం ప్రకటించారు. గుర్తింపు పొందిన ప్రైవేటు బడులలో పనిచేసే టీచర్లకు, ఇతర సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, రేషన్ దుకాణం ద్వారా 25 కిలోల బియ్యం ఇస్తామన్నారు. బడులు తిరిగి తెరిచేవరకు అన్నది నాటి మాట. మొదట సుమారు 1.45 లక్షల మందికి అందుతుందని అంచనా వేశారు. అర్హుల సంఖ్య తరువాత 2 లక్షలు దాటింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఈ డబ్బు బడి యాజమాన్యానికి ఇవ్వలేదు. నేరుగా టీచరు బ్యాంకు ఖాతాలో వేశారు. మధ్యలో మరొక చేయి లేదు. ఇది మెచ్చుకోదగిన పద్ధతి.

మరి అది చాలిందా? మనమే లెక్క వేసి చూద్దాం. నెలకు 8,000 రూపాయల జీతం తెచ్చుకొనే టీచరమ్మ ఒకరున్నారనుకోండి. 2,000 రూపాయలంటే ఆ జీతంలో నాలుగవ వంతు. నలుగురున్న ఇంట్లో 25 కిలోల బియ్యం నెలంతా సర్దితే మనిషికి రోజుకు 200 గ్రాములకు కొంచెం ఎక్కువ. పొయ్యి వెలిగింది, నిజమే. ఇంటి అద్దె, మందుల ఖర్చు మాత్రం అలాగే నిలిచాయి. సహాయం ఆకలిని ఆపగలదు గాని జీతం స్థానంలో నిలబడలేదు.

3. ఎవరు మిగిలిపోయారు?

సహాయం గుర్తింపు పొందిన బడులకే పరిమితం. గుర్తింపు లేని బడిలో పాఠం చెప్పినవారికి, ఇంటి దగ్గర ట్యూషన్ చెప్పుకొనేవారికి అందులో చోటు లేదు. వారి ఆకలి తక్కువైనదని కాదు, వారి పేరు రాసిన కాగితం లేదు. నియామక పత్రం లేక, చేతికి జీతం తీసుకొని, రిజిస్టరులో పేరు సరిగా లేని మనిషి పదేళ్ళు పాఠం చెప్పినా ప్రభుత్వ కంటికి కనిపించడు. కష్టకాలంలో సహాయం మొదట పేరున్నవారినే వెతుక్కుంటూ వస్తుంది.

4. ఇతర చోట్ల ఏమి చేశారు?

అమెరికాలో 2020 డిసెంబరులో వచ్చిన చట్టంలో ప్రైవేటు బడుల కోసం 275 కోట్ల డాలర్లు కేటాయించారు. 2021 మార్చిలో మరో 275 కోట్ల డాలర్లు ఇచ్చారు. అక్కడి కతోలిక బడులు కూడా అప్పుడు ఇందులో సహాయం కోరడానికి వీలుండేది. పేద పిల్లలున్న బడులకు ప్రాధాన్యం ఇచ్చారు. ఆ నిధులు రాష్ట్ర ప్రభుత్వాల అదుపులోనే వుండేవి, కొన్న సామగ్రి ప్రభుత్వ ఆస్తిగానే వుండేది. అక్కడ బడిని నిలబెట్టాలని చూశారు, ఇక్కడ టీచరు ఇంటికి బియ్యం చేర్చారు. నిజానికి రెండూ కావలసినవే. బడి మూతపడితే టీచరు లేరు, టీచరు వెళ్ళిపోతే బడి లేదు.

5. మనం చేయవలసినది

పనివాని జీతం అతడు పొదుపుగా బ్రతకడానికైనా చాలాలని 13వ లియో పోపుగారు 1891లోనే బోధించారు. ఈ మాట ముందుగా మనకే వర్తిస్తుంది. మన విచారణలలో బడులు నడిపేవారున్నారు, వాటిలో పాఠాలు చెప్పేవారున్నారు, పిల్లలను పంపే తల్లిదండ్రులున్నారు. 2021 సెప్టెంబరు 1 నుంచి తరగతులు తిరిగి మొదలయ్యాయి గాని, నేర్చుకొన్న పాఠాన్ని మరచిపోకూడదు.

బడి నడిపేవారు ప్రతి టీచరుకు, ఆయమ్మకు, వాచ్‌మన్‌కు నియామక పత్రం ఇవ్వాలి. జీతం బ్యాంకు ద్వారా చెల్లించాలి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట భవిష్య నిధి చట్టం వర్తిస్తుంది, దానిని తప్పించుకోరాదు. టీచర్లు తమ కాగితాల నకళ్ళు ఇంట్లో భద్రపరచుకోవాలి. అడగడానికి మొహమాటపడవద్దు. తల్లిదండ్రులు చేర్పించే ముందే బడికి గుర్తింపు వున్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. కట్టగలిగినవారు ఫీజు సకాలంలో కట్టాలి. మనం ఆపిన ఫీజు ఎవరి ఇంట్లో అన్నం ఆపుతుందో ఒక్కసారి ఆలోచించాలి.

ఇంట్లో కలసి చర్చించండి:

మీ పిల్లలకు పాఠం చెప్పే టీచరుకు కరోనా రోజులు ఎలా గడిచాయో ఎప్పుడైనా అడిగారా?

మీ ఇంట్లో సంపాదించేవారి పేరు ఏ ఏ రికార్డులలో వున్నది?

మన విచారణలో ఏ కాగితంలోనూ పేరు లేకుండా పనిచేస్తున్నవారు ఎవరు? రేపు మరో కష్టం వస్తే వారిని ముందుగా పలకరించేది ఎవరు?