ప్రవాసమున పరిచర్య: ఖతార్ తెలుగువారి లెక్కకు రాని సేవ

వైద్యుడు మందు వ్రాసి ఇచ్చును. దానిని వేళకు రోగి నోట వేయువాడు వేరొకడు. ఆ రెండవవాని పనికి తెలుగున పరిచర్య అని పేరు. జీతము గాని శిక్షణ గాని లేక ఈ పని చేయువారు ఇండ్లలో సాధారణముగా తల్లులు, భార్యలు, కోడండ్రు. కుటుంబమును తెచ్చుకొనుటకు వీలులేని పరదేశమున ఈ భారము ఎవరిపై పడును? ఖతార్ దేశమందలి తెలుగు కార్మికుల జీవితమును చూచినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

ఖతార్ జనాభా సుమారు 30 లక్షలు. అందు భారతీయులు ఏడు లక్షలకు మించియున్నారు. తెలుగువారిలో పెక్కుమంది జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతములనుండియు, గోదావరి, కడప జిల్లాలనుండియు వెళ్ళినవారు. 2021 మార్చి 20 నుండి అచట కనీస వేతనము నెలకు 1000 రియాళ్లు. యజమాని తిండి, వసతి ఇవ్వనిచో మరి 800 చేరును. ఈ జీతముపై భార్యాబిడ్డలను పిలిపించుకొనుటకు అనుమతి రాదు. కనుక దోహా పారిశ్రామిక ప్రాంతమున, అనగా కార్మికులు సనాయియా అని పిలుచు చోట, క్యాంపు గదిలో మంచముపై మంచమున పడుకొనువారే ఒకరికొకరు కుటుంబము.

ఒకనికి పక్షవాతము వచ్చినదనుకొందము. అతనిని హమద్ ఆసుపత్రికి చేర్చుట, గుర్తింపు కార్డును, ఆరోగ్య కార్డును వెదకి తెచ్చుట, ఇంటికి ఫోను చేసి భయపడకుండ చెప్పుట, గదికి వచ్చిన పిమ్మట స్నానము చేయించి అన్నము తినిపించుట, ఇవన్నియు ప్రక్క మంచమువాని పనులు. అతడు వేకువన కంపెనీ బస్సు ఎక్కవలెను. రాత్రి రోగి మూలుగునకు మేల్కొనవలెను. శుక్రవారపు సెలవంతయు ఆసుపత్రిలోనే గడచును.

ఓడలెక్కి తోటలకు వెళ్ళినవారి సంతతికి ఇది వింత కాదు. 1860లో మద్రాసునుండి నాటాలు చేరిన ట్రూరో ఓడలో తెలుగువారును ఉండిరి. అట్టి ఓడలలో కలిసి వచ్చినవారు తరువాత చుట్టములవలె మెలగిరి. ఖతార్‌లో గదియే ఆ చుట్టరికమును కల్పించుచున్నది. అయితే గది స్థిరము కాదు. పని ముగియగానే కంపెనీ కూలీలను మరియొక క్యాంపునకు తరలించును. ప్రక్క మంచమువాడు ఒక్క రాత్రిలో దూరమగును.

2004 నాటి 14వ సంఖ్య కార్మిక చట్టము రోగిని కొంత ఆదుకొనును. మూడు నెలల ఉద్యోగము పూర్తియైనవానికి వ్యాధి సెలవున మొదటి రెండు వారములు పూర్తి జీతము, తరువాతి నాలుగు వారములు సగము జీతము లభించును. పనిలో గాయపడినచో చికిత్స వ్యయము యజమానిది. రోగి ప్రక్కన కూర్చుండు మిత్రునికి మాత్రము ప్రత్యేకమైన సెలవు లేదు. చట్టము దృష్టిలో అతడు ఎవడును కాడు!

భాష మరియొక చిక్కు. మలయాళము గాని హిందీ గాని ఎరిగిన వైద్యసిబ్బంది సులభముగ దొరకుదురు. తెలుగు ఎరిగినవారు అరుదు. తిమ్మిరి యనినను చచ్చుబడుట యనినను తెలుగువారికి వేరువేరు బాధలు. మిత్రుడు తనకు వచ్చిన కొద్దిపాటి హిందీలో రెంటికిని ఒకే మాట వాడినచో వైద్యుడు ఏమి గ్రహించును? పరిచర్య చేయువాడే దుబాసి కావలసి వచ్చుట అన్యాయము.

రోగిని స్వదేశమునకు పంపునాడు, తన వార్షిక సెలవును వాడుకొని వెంట వెళ్ళువారును కలరు. శంషాబాదు విమానాశ్రయమున ఆ భారము భార్య చేతికి మారును. ఆమెకు ఏ ఆధారము కలదు? ప్రవాసీ భారతీయ బీమా క్రింద 10 లక్షల రూపాయలు నిర్ణయింపబడినవి గాని, అవి ప్రమాదమువలన మరణించినవారికి లేదా శాశ్వతముగ అవయవహాని పొందినవారికి. తెలంగాణ ప్రభుత్వము 2024లో ప్రకటించిన ఐదు లక్షలు గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబములకు. పక్షవాతముతో తిరిగివచ్చినవాడు చనిపోలేదు, ప్రమాదమునకును గురికాలేదు. ఈ రెండు పథకముల నడుమ ఆ ఇల్లాలు ఒంటరిగ నిలిచియున్నది. సదరం ధ్రువపత్రముపై వచ్చు పింఛను రోగి పేరిటదే. పొరుగున కేరళ ప్రభుత్వము ఆశ్వాసకిరణం అను పథకమున, మంచము పట్టినవారిని చూచుకొనువారి కొరకే నెలకు 600 రూపాయలు ఏర్పరచినది. మొత్తము స్వల్పమే, సేవ చేయువారిని వేరుగ గుర్తించుట మాత్రము స్వల్పము కాదు.

దోహాలో భారత రాయబార కార్యాలయపు అండతో 1984 నుండి ఐ.సి.బి.ఎఫ్. అను భారతీయ సంక్షేమ సంస్థ పనిచేయుచున్నది. తెలుగు సంఘములును కలవు. పండుగలకు వేదిక కట్టు సంఘము రోగి గదికి వంతులవారీగ ఇద్దరిని పంపుట అసాధ్యము కాదు. ఒక రాత్రి నిద్ర దొరకినను ఆ మిత్రునికి గొప్ప ఊరట. వైద్యునితో మాటాడుటకు హిందీ, ఇంగ్లీషు బాగుగ వచ్చిన తెలుగువారి ఫోను సంఖ్యలు క్యాంపు గోడపై తెలుగులో వ్రాసి ఉంచవచ్చును. రోగి విమానమెక్కుటకు ముందే భార్యకు ఫోనులో నేర్పవలసినవియు కలవు: పుండ్లు పడకుండ రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుట, మ్రింగుట కష్టమైనవానికి కూర్చుండబెట్టి కొంచెము కొంచెముగ తినిపించుట, ఇంతకాలము గదిలో అతనికి సేవ చేసినవాని పేరు, ఫోను సంఖ్య వ్రాసి ఉంచుకొనుట. ఏ మందు పడలేదో, రాత్రి ఏ వేళ నొప్పి లేచునో చెప్పగలవాడు అతడే.