వార్ధక్యమున ప్రోస్టేటు గ్రంథి పెరుగుదల - శస్త్రచికిత్స

మన బేతంచెర్లలో సాయంకాలము నాపబండల అరుగులపై కూర్చుండు వృద్ధులలో కొందరు మాటిమాటికి లేచి పోవుచుందురు. రాత్రి నాలుగైదు పర్యాయములు మేల్కొందురు. బస్సు ప్రయాణమనిన జంకుదురు. బట్టలు తడియునను శంకతో నమాజునకో, దేవాలయమునకో పోవుటకు సంకోచింతురు. కారణమడిగిన "వయసు మీదపడినది" అని ఊరకుందురు. కాని యీ బాధకు పేరు కలదు, చికిత్సయు కలదు. దానిని గూర్చి సంగ్రహముగా తెలిసికొందము.

ప్రోస్టేటు గ్రంథి పురుషులకు మాత్రమే ఉండును. మూత్రాశయము దిగువన మూత్రమార్గమును చుట్టియుండు ఈ గ్రంథి యౌవనమున సుమారు 20 గ్రాములుండును. 50 ఏండ్లు దాటిన పిమ్మట చాలమందిలో ఇది పెరిగి మార్గమును నొక్కును. ధార సన్నగిలును, విసర్జించిన పిదపయు మిగిలినట్లు తోచును. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు. అయినను ఆ సంగతి పరీక్షల వలననే నిశ్చయింపవలెను.

బాధ స్వల్పమైనచో టామ్సులోసిన్, ఫినాస్టెరైడ్ వంటి మందులు చాలును. మూత్రము పలుమార్లు బంధించినను, మూత్రాశయమున రాళ్ళు ఏర్పడినను, మూత్రపిండములు దెబ్బతినినను శస్త్రచికిత్స అవసరమగును.

భారతదేశమున ఇండియన్ మెడికల్ సర్వీసులో చాలకాలము పనిచేసిన పీటర్ ఫ్రేయర్ 1900లో లండనునందు పొత్తికడుపు కోసి, పెరిగిన భాగమును వ్రేలితో వొలిచి తీసి, ఆ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చెను. 1926లో అమెరికాలో మాక్సిమిలియన్ స్టెర్న్ రెసెక్టోస్కోపు అను పరికరమును ప్రవేశపెట్టెను. దానినుండి వృద్ధి చెందినదే నేటి టి.యు.ఆర్.పి. ఇందులో వెలుపల కోత లేదు. సాధారణముగా నడుమునకు మత్తుసూది ఇచ్చి, మూత్రమార్గము గుండ పరికరమును పంపి, విద్యుత్తు ప్రవహించు తీగతో అడ్డుపడిన కండను ముక్కలుగా కోసి, ద్రవముతో కడిగి తీయుదురు. సుమారు గంట పట్టును. తరువాత రెండు మూడు దినములు గొట్టము ఉంచుదురు. గ్రంథి మిక్కిలి పెద్దదైనచో లేజరుతోగాని, కోతతోగాని తీయుదురు.

బత్తాయి తొక్కను ఉంచి తొనలను తీసినట్లు లోపలి భాగమునే తీయుదురు గనుక, తరువాతను వైద్యపరీక్షలు మానరాదు. కొన్ని దినములు మంట, మూత్రమున ఎరుపు కనిపించుట సహజము. వీర్యము వెలికి రాక మూత్రాశయములోనికి పోవుట చాలమందిలో జరుగును. రక్తమును పలుచబరచు మందులు వాడువారు ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. ఏండ్ల తరబడి ముక్కి ముక్కి మూత్రాశయము బలమును కోల్పోయినచో, అడ్డు తొలగినను ధార పూర్వమువలె రాకపోవచ్చును. 1956లో స్థాపితమైన కర్నూలు వైద్యకళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ వైద్యశాల మనకు దూరము కాదు. దూరమైనది సిగ్గు మాత్రమే. ఇంటిలోని తాతగారు, దాదాజాన్ తమంత తాము చెప్పరు. మెల్లగా అడిగి, వెంట తోడ్కొని పోవలసినవారము మనమే.