పనిచేసేవాడికే పని... మరి ప్రమోషన్?

‘తల వంచుకుని నీ పని నువ్వు చేసుకుపో, కంపెనీయే గుర్తిస్తుంది.’ క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిన పిల్లలకు ఇంట్లో చెప్పి పంపే మాట ఇదే. బ్యాంకులోనో బడిలోనో ముప్ఫై ఏళ్లు చేసి, సీనియారిటీ ప్రకారం పైకొచ్చిన తండ్రి విషయంలో అది నిజమే కావచ్చు. హైటెక్ సిటీలో దాన్ని నమ్ముకున్న కుర్రాడు మాత్రం రెండు మూడేళ్లకే నా దగ్గరకు వచ్చి, ‘సార్, రోజంతా కబుర్లు చెప్పేవాడికి మంచి రేటింగ్, నాకేమో యావరేజ్’ అని వాపోతున్నాడు.

ఇందులో మేనేజర్ దుర్మార్గం కన్నా కంపెనీ లెక్కల పాత్రే ఎక్కువ. ఐటీ సర్వీస్ కంపెనీలు చాలావరకు క్లయింట్‌కు అమ్మేది ఉద్యోగుల గంటల్ని. గంటల లెక్కన బిల్లింగ్ నడిచే ప్రాజెక్టులో, ఎనిమిది గంటల పనిని నాలుగు గంటల్లో ముగించినవాడికీ సాయంత్రం దాకా సాగదీసినవాడికీ ఇన్వాయిస్‌లో తేడా ఉండదు. కాకపోతే ముందుగా ముగించినవాడికి పక్కవాడి టికెట్లు కూడా వచ్చి పడతాయి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు కదా! పైగా అతన్ని వేరే ప్రాజెక్టుకు వదిలితే ఇక్కడ పని ఆగిపోతుందని మేనేజర్‌కు భయం. అలా ఒకే మాడ్యూల్ చుట్టూ తిరిగే గానుగెద్దులు ప్రతి టీమ్‌లోనూ ఒకరిద్దరు కనిపిస్తారు.

గుంపులో పని పలచబడటం కొత్తేమీ కాదు. మాక్సిమిలియన్ రింగెల్మాన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాళ్లు లాగించి, బలం కొలిచి, 1913లో ఫలితాలు ప్రచురించాడు. ఒంటరిగా లాగినప్పటితో పోలిస్తే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు సుమారు సగానికి పడిపోయింది. అదంతా బద్ధకమే అనలేం, సమన్వయం కుదరకపోవడం కూడా ఒక కారణం. అయినా నా దగ్గరకొచ్చే పిల్లలకు ఈ కథ చెబుతాను. నలభై మంది ఉన్న పేరున్న ప్రాజెక్టు కన్నా, ఆరేడుగురే ఉన్న చిన్న టీమ్‌లో మొదటి రెండేళ్లు గడపమంటాను. అక్కడ ఎవరు ఏం చేశారో అందరికీ తెలుస్తుంది. పెళ్లి సంబంధాలకు కంపెనీ పేరు ఘనంగా ఉండాలనే తల్లిదండ్రులకు ఈ సలహా నచ్చదు. నచ్చకపోయినా చెప్పక తప్పదు.

ఇంకొందరు పెద్దలది గంటల పిచ్చి. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు, 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ దాన్ని 90కి తీసుకెళ్లారు. ఆ వీడియోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టి పిల్లల్ని దెప్పడం ఏమిటో! కంపెనీలో వాటా ఉన్నవాడి గంట, నెలజీతగాడి గంట ఒకటి కావు. ఆరింటికి బ్యాగు సర్దుకునేవాళ్లంతా సోమరులూ కారు, రాత్రి పదకొండుకు మెయిల్ పెట్టేవాళ్లంతా కష్టజీవులూ కారు.

అసలు భయం ఇప్పుడు కష్టపడకుండా అడ్డదారి పట్టేవాళ్ల వైపు నుంచి ఉంది. సర్వీస్ కంపెనీల్లో చాలావాటికి బీటెక్‌లో 60 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం అర్హత. అది ఉన్నా ఆగలేని పిల్లలు, లేని పిల్లలు అమీర్‌పేట కన్సల్టెన్సీల మెట్లెక్కుతున్నారు. అక్కడ డబ్బు కడితే మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్, ఇంటర్వ్యూకి ప్రాక్సీ, ఉద్యోగం వచ్చాక ‘జాబ్ సపోర్ట్’ దొరుకుతాయి. జాబ్ సపోర్ట్ అంటే మీ అబ్బాయి జీతంలో కొంత తీసుకుని మరొకడు వాడి పని చేసిపెట్టడం. అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఇక్కడ రాత్రంతా మేలుకుని పనిచేసేవాళ్లూ ఉన్నారు. క్లయింట్ స్క్రీన్ బయటివాడికి చూపించడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. బయటపడితే ఉద్యోగం పోతుంది, తర్వాతి కంపెనీలో వెరిఫికేషన్ దగ్గరా దొరికిపోతారు. ఎవరు ఎక్కడ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారో పీఎఫ్ యూఏఎన్ నంబరు చెప్పేస్తుంది. దొంగచాటు పనిని కంపెనీలు ఊరికే వదలవు; పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారంటూ 2022లో విప్రో 300 మందిని తీసేసిన సంగతి గుర్తుంది కదా?

వాటి జోలికి పోకుండా ఉన్నచోటే తీరిగ్గా నెట్టుకొద్దామన్నా రోజులు అలా లేవు. ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోవడం ఏడాదికి 35 పనిదినాలు దాటకూడదని 2025లో టీసీఎస్ నిబంధన పెట్టింది.

మరి కష్టపడే పిల్లలు ఏం చేయాలి? రెండు వారాలకోసారి చేసిన పని రాసి పెట్టుకోండి. ఏ సమస్య వచ్చింది, మీరేం మార్చారు, దానివల్ల ఎంత సమయం మిగిలిందో అందులో ఉండాలి. ఫిబ్రవరిలో చేసిన పని అప్రైజల్ నాటికి మేనేజర్‌కు గుర్తుండదు, మీకే గుర్తుండదు. పక్కవాడి పని మీ మీదికి వస్తే మూతి ముడుచుకోవద్దు, ఊరికే తల ఊపనూ వద్దు. ‘ఇది తీసుకుంటే అది గురువారానికి కాదు, ఏది ముందు చేయమంటారు?’ అని మెయిల్‌లో అడగండి. టీమ్‌లో సోమరి మీద చాడీలు చెప్పి ఎవరూ బాగుపడలేదు. టికెట్ ఎవరి పేరు మీద ఉందో టూల్‌లో సరిగ్గా నమోదు చేస్తే చాలు, లెక్క అదే చెబుతుంది. మీ మాడ్యూల్ మరొకరికి నేర్పండి. మీరు లేకపోతే నడవని పని ఉద్యోగానికి భద్రత అనిపిస్తుంది కానీ, కదలనివ్వకుండా కట్టేసేదీ అదే.

ఇంత చేసినా రెండు అప్రైజల్స్‌లో మార్పు లేకపోతే బయట వెతుక్కోండి. కోపంలో పేపర్ మాత్రం వేయకండి. చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు ఉంటుంది, అంతకాలం ఆగే కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా చేయండి. అప్పటిదాకా ఇంట్లోవాళ్లకు చెప్పకపోయినా పర్వాలేదు.