సముద్రం చూసొద్దాం రండి

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు బీచ్ చూడకుండా రారు. బీచ్ అంటే సముద్రపు ఒడ్డు. ఆ ఊళ్ళో పేరున్నది ఆర్.కె. బీచ్. ఆర్.కె. అంటే రామకృష్ణ. బీచ్ రోడ్డులో రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది. ఆ పేరే ఒడ్డుకు వచ్చింది. దగ్గర్లోనే కాళికామాత గుడి ఉంది.

ఇక్కడ సముద్రం తూర్పున ఉంటుంది. తెల్లవారే వెళ్తే సూర్యుడు నీళ్ళలోంచి లేచినట్టు కనిపిస్తాడు. సాయంత్రం జనం కిటకిటలాడతారు. మురీ మిక్చరు, బజ్జీలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతారు.

ఒడ్డున పెద్ద జలాంతర్గామి ఉంది. అంటే నీళ్ళలో మునిగి ప్రయాణం చేసే ఓడ. దాని పేరు కురుసుర. అది 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001 దాకా పనిచేసింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళి చూడవచ్చు. నావికులు ఎంత ఇరుకులో బతికారో తెలుస్తుంది.

ఒడ్డు వెంట ఉత్తరానికి వెళ్తే పెదజాలరిపేట వస్తుంది. అక్కడివాళ్ళు సముద్రం మీద వేటకు వెళ్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలతో వేట చేయకూడదు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం.

ఇప్పుడు ముఖ్యమైన మాట.

ఒడ్డున 'ప్రమాదం' అని రాసిన బోర్డులు ఉంటాయి. వాటిని చదవండి. పక్కవాళ్ళకూ చదివి చెప్పండి. ఈ ఒడ్డున స్నానానికి దిగి ఎంతోమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఎందుకలా జరుగుతుంది? అల ఒడ్డుకు తెచ్చిన నీరు మళ్ళీ వెనక్కి పోవాలి కదా! కొన్నిచోట్ల ఆ నీరంతా ఒక కాలవలాగా కూడి, జోరుగా లోపలికి పోతుంది. అక్కడ అలలు పెద్దగా విరగవు. చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది. అక్కడే మనిషి మోసపోతాడు. మోకాలి లోతులో నిలబడినా కాళ్ళకింద ఇసుక జారిపోతుంది.

ఆ నీటిలో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకండి. అలసిపోతారు. ఒడ్డు వెంట పక్కకు ఈదండి. చెయ్యి ఊపి కేకలు వేయండి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకొద్దు. తాడుగాని, ఖాళీ డబ్బాగాని విసరండి. ఒడ్డున ఉండే గజ ఈతగాళ్ళను పిలవండి. 112కు ఫోన్ చేయండి.

పిల్లల చెయ్యి వదలకండి. మద్యం తాగి నీళ్ళ దగ్గరకు పోవద్దు.

చదువు రానప్పుడు బోర్డు కనిపించేది, అంతే. ఇప్పుడు అది చెప్పే మాట మనకు తెలుస్తుంది. ఆ మాట వింటే, సంతోషంగా వెళ్ళినవాళ్ళం సంతోషంగానే ఇంటికి వస్తాం.

జవాబులు రాయండి:
1. ఆర్.కె. బీచ్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?
2. ఏ రెండు నెలలు మరపడవలతో వేట చేయకూడదు? ఎందుకు?
3. నెమ్మదిగా కనిపించే నీరు ఎందుకు ప్రమాదం?
4. మీ ఊరి చెరువు దగ్గర పెట్టడానికి ఒక హెచ్చరిక బోర్డు రాయండి.