తుప్పు చెప్పే సాక్ష్యం

కెమెరా పట్టిన ప్రతి విద్యార్థీ ఏదో ఒకనాడు తుప్పుపట్టిన వస్తువును ఫొటో తీయకుండా ఉండడు. పాత సైకిలు, మూలపడిన బోరింగు పంపు, రేవులో పాడుపడ్డ లంగరు... ఆ ఎరుపును, ఆ గరుకుతనాన్ని చూస్తే చేయి ఊరుకోదు మరి. అయితే అటువంటి ఫొటోలు పదింటిని పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. వాటిలో తుప్పు రంగు ఉంటుంది గాని, తుప్పు చేసిన పని కనబడదు. ఇనుము ఎక్కడ, ఎందుకు, ఏ వరసలో తినివేయబడుతున్నదో తెలిసినవారికి కెమెరా ఎక్కడ పెట్టాలో వేరే చెప్పనక్కరలేదు. ఈ సంగతిని ఒక్క కారును ఆధారం చేసుకుని మిత్రుల ముందు ఉంచుతున్నాను.

ఆ కారు భీమిలి తీరాన ఒక సరుగుడు తోటలో ఉంది. అంబాసిడర్. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనాపై తయారై, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారం నుంచి 1950ల చివరి నుండి 2014 మే వరకు వెలువడిన బండి. తోట యజమాని తండ్రి దానిని చాలాకాలం బాడుగకు తిప్పారట. ఇంజను దెబ్బతిన్నాక తోటలోకి తోయించారు. యజమాని అనుమతితో రెండేళ్లుగా దానిని ఫొటోలు తీస్తున్నాను.

మొదటిరోజున తోట కాపలా తాత నన్ను ఎగాదిగా చూసి, "ఈ తుప్పుకి ఫొటోలేటి బాబూ?" అన్నాడు. కాసేపటికి తానే దగ్గరకు వచ్చి వెనుక సీటు చూపించాడు. "మా పెద్దగుంట పెళ్లికి పిల్లని దీన్లోనే కూకోబెట్టి అంపినాం. అప్పుడు ఒక్క ఫొటో తీసుంటే బాగుణ్ణు."

ఇక తుప్పు సంగతి. ఇనుము, నీరు, ప్రాణవాయువు మూడూ కలిస్తేనే తుప్పు. రసాయనంగా అది నీటితో కూడిన ఐరన్ ఆక్సైడ్. బైలదిల్లా గనుల నుంచి విశాఖ రేవుకు వచ్చే ఎర్రని ఖనిజం కూడా ఐరన్ ఆక్సైడే. అంటే కొలిమిలో ఎంతో శ్రమతో ఖనిజం నుంచి విడదీసిన ఇనుము, వదిలేస్తే మళ్లీ పుట్టింటి దారి పడుతుందన్నమాట. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పలుచని పొరగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాపాడదు. అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి, ఉబ్బి, పెచ్చులుగా రాలి, కింది ఇనుమును మళ్లీ గాలికి, నీటికి అప్పగిస్తుంది. ఇక సముద్రపు గాలిలోని ఉప్పు చేరితే ఆ తడి విద్యుత్తును మరింత సులువుగా ప్రసరింపజేసి పనిని వేగిరపరుస్తుంది.

ఇది తెలిసిన తరువాత కారును చూస్తే, అది చదవదగిన పుస్తకంలా ఉంటుంది. పైకప్పు వంపుగా ఉన్నందున నీరు జారిపోయి, ఇప్పటికీ అక్కడ తెల్లరంగు మిగిలివుంది. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడి, అక్కడ రేకు జల్లెడ అయింది. చక్రాలపై రేకుల లోపలి వైపు, అద్దం చుట్టూ రబ్బరు కింద, హెడ్‌లైటు గిన్నెలో కూడా అదే పరిస్థితి. రాలిన సరుగుడు ఆకు బానెట్టు మూలల్లో దిండులా పేరుకుని, వాన వెలిసినా చాలాసేపు తడిని పట్టి ఉంచుతుంది. కనుక నియమం ఒక్కటే: నీరు ఎక్కడ నిలుస్తుందో వెతకండి, కెమెరా అక్కడికి తీసుకుపొండి. రంగులు కూడా ఊరికే లేవు. కొత్త తుప్పు నారింజ రంగు, పాతది ముదురు గోధుమ, ప్రాణవాయువు సరిగా అందని లోపలి పొరల్లో నలుపు. ఒకే పెచ్చులో మూడూ కనబడితే అది కాలక్రమమే.

ఫొటో తీసే పద్ధతి చెబుతాను. మిట్టమధ్యాహ్నం వద్దు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ కారుమీద మచ్చలు మచ్చలుగా ఉండి, ఏది తుప్పో ఏది నీడో తెలియదు. రంగులకు మబ్బుపట్టిన ఉదయం మేలు. పెచ్చుల ఎత్తుపల్లాలకు ప్రక్కనుంచి వాలుగా పడే ఉదయపు ఎండ మేలు. కెమెరా మీటరు ముదురు రంగును కూడా సగటు వెలుతురుకు తెస్తుంది. అందువల్ల తుప్పు ఫ్రేమంతా నిండినప్పుడు ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించాలి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకు వదలకుండా మబ్బు గుర్తు మీద పెట్టి, అన్నిటికీ అదే ఉంచాలి. లేకపోతే ఒక్కొక్క ఫొటోలో తుప్పు ఒక్కొక్క రంగుగా వస్తుంది. ట్రైపాడ్ మీద ఎఫ్ 8 లేక ఎఫ్ 11 పెడితే వివరాలు స్పష్టంగా వస్తాయి. ఫోనుతో తీసేవారికి కూడా వెలుతురు సూత్రాలు ఇవే.

ముందు నాలుగు వైపుల నుంచి మొత్తం కారు, తరువాత భాగాలు, చివరికి పెచ్చులు తీయండి. దగ్గరి ఫొటోలో కొలబద్ద ఒకటి ఉండాలి. ఆకులు తుడవటం, నీళ్లు చల్లి రంగు తేల్చటం, స్టీరింగు మీద పువ్వు పెట్టటం వంటివి చేయరాదు. సాక్ష్యాన్ని దిద్దితే అది సాక్ష్యం కాదు. బూట్లు తప్పనిసరి. గాజుపెంకులు, కందిరీగలు, పాములు ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, మళ్లీ అదే చోటికి వెళ్లటం. నేను ఒక సరిహద్దు రాయి దగ్గర నిలబడి, అదే లెన్సుతో వానలకు ముందొకటి, వెనుకొకటి తీస్తాను. మొదటి ఏడు తలుపు కింద రూపాయి బిళ్లంత ఉన్న రంధ్రంలో ఇప్పుడు నా అరచెయ్యి పడుతుంది. ఏ ఒక్క ఫొటోలోనూ కనబడని ఈ మార్పు, రెండింటిని పక్కన పెడితే కనబడుతుంది.

అయితే ఇటువంటి కారును అడవిలోనే ఉండనివ్వవచ్చునా? స్వీడన్ దక్షిణాన రీడ్ అనే ఊరి దగ్గర షిర్కో మోసే చిత్తడినేలలో వందకు పైగా పాత కార్లు చెట్ల మధ్య ఉన్నాయి. వాటిని 2050 వరకు ఉంచటానికి స్థానిక పాలకవర్గం అంగీకరించింది. కెమెరాలతో జనం వెళుతుంటారు. నాకు ఆ చోటు మీద మోజు ఉన్నమాట నిజమే. కాని మన తోటలో భూమి అడుగున బావినీరు ఉంది. కారులో ఇంజను ఆయిలు, బ్రేకు ద్రవం, బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. మన కేంద్రప్రభుత్వం 2021లో వాహనాల తుక్కు కేంద్రాలకు నియమాలు చేసింది. ముందు ఈ ద్రవాలు తోడి, బ్యాటరీ తీసి, ఆ తరువాతే బండిని విడగొట్టాలి. మిగిలిన ఉక్కు కరిగి మళ్లీ పనికొస్తుంది. ఫొటో అందం కోసం నేల పాడు కావాలనటం న్యాయం కాదు.

తోట ఈ ఏడు నరుకుతారు. కారు కూడా తూకానికి పోతుంది. పోవలసిందే. అందుకే అది పోకముందు జాగ్రత్తగా, అబద్ధం లేకుండా తీయటం మన వంతు. మీ ఊరి చెట్లకింద కూడా ఇటువంటి బండి ఒకటి ఉండే ఉంటుంది. యజమానిని అడగండి, తేదీ రాయండి, నంబరు ప్లేటు బయటపెట్టకండి, ఒక ప్రతి ఆ బండి ఎక్కినవారికి ఇవ్వండి. తాతకు వెనుక సీటు ఫొటో ఇచ్చాను. దానిని ఆయన కూతురి అత్తవారి ఊరికి పంపించాడు.